ఇంగ్లిష్ మార్కులు, చదువుకునే అధికారం

శాస్త్రగ్రంథం మొదలుపెట్టేముందు నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పాలని మన ప్రాచీనులు నియమం పెట్టుకున్నారు. ఇందులో విషయం ఏమిటి, దీనివల్ల ప్రయోజనం ఏమిటి, వీటికీ గ్రంథానికీ సంబంధం ఏమిటి, దీన్ని చదవడానికి అధికారి ఎవరు? వీటికి అనుబంధ చతుష్టయమని పేరు. అధికారి ఎవరన్నది విషయాన్నీ ప్రయోజనాన్నీ బట్టే తేలాలన్నది ఇందులోని కీలకం. వేదాంతం చదివేవాడికి నిత్యానిత్య వివేకం, వైరాగ్యం, శమదమాదులు, ముముక్షుత్వం కావాలన్నారంటే, ఆ చదువు చేరదలచిన గమ్యం నుంచే ఆ అర్హతలు పుట్టాయి. ఎంబీఏ, ఎంసీఏ, ఎంఎస్ చదవదలచినవారికి ఇంగ్లిష్ పదాల్లో, వ్యాకరణంలో, పఠనంలో పరీక్ష పెట్టి, ఆ మార్కులతో వాళ్ల స్థానాన్ని నిర్ణయించడం న్యాయమేనా అని అడిగినప్పుడు కూడా మనం అడుగుతున్నది ఈ అధికారి ప్రశ్ననే. చెప్పబోయే పాఠాన్ని అందుకునే పాటి భాష వచ్చా అని గుమ్మం దగ్గర అడగవచ్చు. వచ్చినవాళ్లలో ఎవరు ఎక్కువ, ఎవరు తక్కువ అని వరస కట్టడానికి మాత్రం ఆ భాషను వాడకూడదని నా వాదన.

ఎంబీఏ, ఎంసీఏ ప్రవేశాలకు పెట్టే తెలంగాణ ఐసెట్‌నే తీసుకుందాం. 200 మార్కుల్లో విశ్లేషణకు 75, గణితానికి 75 పోగా మిగిలిన 50 కమ్యూనికేషన్ ఎబిలిటీవి. అందులో పదజాలానికి 10, వ్యాపార, కంప్యూటర్ పరిభాషకు 10, వ్యాకరణానికి 15, పాసేజి చదివి జవాబు గుర్తించే ప్రశ్నలకు 15. ఇవన్నీ ఒకే గాటన కట్టదగినవి కావు. రచయిత ఏ ఆధారంతో ఏ నిర్ణయానికి వచ్చాడని పాసేజి ఇచ్చి అడిగితే చదివేవాడి బుద్ధి ఎంతో కొంత పనిచేయాలి. ఒంటరిగా ఒక మాట ఇచ్చి సమానార్థకం ఎంచమంటే, ఆ మాట అంతకుముందు ఎక్కడైనా తగిలిందా అన్నదే తేలుతుంది. తగలడమన్నది బళ్లో ఏ మీడియం, ఇంటికి ఏ పేపరు వచ్చేది, కోచింగ్‌కు డబ్బు ఉందా లేదా అన్నవాటిని బట్టి ఉంటుంది. పరీక్షలు పెట్టేవాళ్లకు ఈ తేడా తెలియకపోలేదు. అమెరికాలో పీజీ ప్రవేశాలకు అడిగే జీఆర్‌ఈ నిర్వహించే ఈటీఎస్ సంస్థ 2011 ఆగస్టులో పరీక్షను మార్చినప్పుడు వ్యతిరేకపదాల ప్రశ్నలనూ, పదాల జంటల మధ్య పోలిక పట్టుకునే ప్రశ్నలనూ తీసేసింది. మాటను సందర్భంలో పెట్టి అడిగే ప్రశ్నలకే చోటిచ్చింది. అమెరికా చదువు కోసం బారన్స్ పదాల పట్టికలు కంఠతా పట్టిన మన పిల్లల శ్రమ గొప్పదే. కానీ ఆ శ్రమకూ వాళ్లు చదవబోయే కంప్యూటర్ సైన్సుకూ ఏమిటి సంబంధం? పాత పరిభాషలో చెప్పాలంటే అక్కడ అనుబంధమే తెగిపోయింది.

అర్థం అందడానికీ భాష శుద్ధంగా రావడానికీ మధ్య ఉన్న ఈ చిక్కును పతంజలి మహాభాష్యం మొదటి ఆహ్నికంలోనే ఎదుర్కొన్నాడు. ఆవును శుద్ధంగా గౌః అన్నా, జనం నోట గావి, గోణి అన్నా వినేవాడికి ఆవు సంగతి తెలుస్తూనే ఉంది. అలాంటప్పుడు వ్యాకరణం దేనికి? అర్థం తెలియడంలో రెండూ సమానమేనని ఆయన దాచకుండా ఒప్పుకున్నాడు. శుద్ధశబ్దం వాడితే ధర్మం, అభ్యుదయం కలుగుతాయి, అదే తేడా అన్నాడు. ఎంత మెలకువ గల విభజన! అర్థాన్ని అందుకోవడం వేరు, శుద్ధతకు దక్కే పుణ్యం వేరు. మన ప్రవేశ పరీక్ష ఈ రెంటినీ కలిపేసింది. ఖాళీలో ఏ ప్రిపోజిషన్ పడాలో తప్పుగా గుర్తించిన విద్యార్థికి చాలాసార్లు ఆ వాక్యం పూర్తిగానే అర్థమై ఉంటుంది. అతను పోగొట్టుకున్నది శుద్ధత మార్కు. పతంజలి దాన్ని పుణ్యం కిందే జమకట్టాడు. మనం ర్యాంకు జాబితాలో తెలివి కింద జమకడుతున్నాం.

ప్రాచీనులను సాక్ష్యానికి పిలిచాక, వాళ్లు నా వాదానికి ఎదురుగా చెప్పినదీ వినాలి. వేదాంతసారంలో సదానందుడు అధికారికి వేదవేదాంగాల అధ్యయనం ఉండాలన్నాడు, వేదాంగాల్లో వ్యాకరణం ఒకటి. మన సంప్రదాయం కూడా భాష అడిగే లోపలికి రానిచ్చింది కదా అనవచ్చు. నిజమే. ఆ నియమం ఏం చేసిందో కూడా చెప్పుకోవాలి. వేదాధ్యయనాన్ని పుట్టుకతో ముడివేశారు కనుక, అర్హత అనే గౌరవప్రదమైన మాట అడ్డం పెట్టి తరతరాల జనాన్ని బయట నిలబెట్టింది. బ్రహ్మసూత్రాల అపశూద్రాధికరణంలో శంకరులు శూద్రుడికి వేదాధికారం లేదని సమర్థించారు. విదురుడికి, ధర్మవ్యాధుడికి జ్ఞానం కలిగిన సంగతిని మాత్రం అక్కడే ఒప్పుకోవలసి వచ్చింది. అది పూర్వజన్మ సంస్కారమని, దాని ఫలాన్ని ఎవరూ ఆపలేరని అన్నారు. గోడకు అవతల జ్ఞానులు కనబడుతూ ఉంటే గోడను శంకించాలి గానీ, వాళ్లను మినహాయింపులుగా రాసుకోవడం సరిపోదు. వినయపిటకంలో చుల్లవగ్గ ఇంకో దారి చూపిస్తుంది. బ్రాహ్మణ కులంలో పుట్టిన ఇద్దరు భిక్షువులు, నానా కులాలవాళ్లు తమ భాషలో బుద్ధవచనాన్ని పాడుచేస్తున్నారని, దాన్ని ఛందస్సులోకి మార్చనిమ్మని అడిగారు. బుద్ధుడు వాళ్లను మందలించాడు, స్వభాషలోనే నేర్చుకోమన్నాడు. ఆ స్వభాష ఎవరిదన్న దాని మీద వ్యాఖ్యాతల్లో భేదం ఉంది. శుద్ధభాష వచ్చినవాళ్ల ఫిర్యాదు విని ధర్మానికి తలుపు వేయలేదన్నదాంట్లో భేదం లేదు.

ఇంతకన్నా బలమైన అభ్యంతరం నేటి తరగతి గదిలోనే ఉంది. పాఠం ఇంగ్లిష్‌లో, పుస్తకం ఇంగ్లిష్‌లో, పరీక్ష ఇంగ్లిష్‌లో ఉన్నప్పుడు ఆ భాష రానివాణ్ణి చేర్చుకోవడం అతనికే అన్యాయం కదా? భాష నేర్పకుండా చేర్చుకుంటే అవును, అందుకే గుమ్మం దగ్గర ప్రశ్న ఉండాలంటున్నాను. వరస కట్టడానికీ ఆధారం ఉందని చూపించే పరిశోధన లేకపోలేదు. 2001లో కుంసెల్, హెజ్‌లెట్, వన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 80 వేలకు పైగా విద్యార్థుల వివరాలున్న అధ్యయనాలను కలిపి చూసి, జీఆర్‌ఈ మార్కులకూ ఆ తర్వాత పీజీలో వచ్చే గ్రేడులకూ సంబంధం ఉందని తేల్చారు. దాన్ని కొట్టిపారేయను. అయితే ఆయా సబ్జెక్టుల్లో పెట్టే జీఆర్‌ఈ పరీక్షలు ఆ గ్రేడులను ఇంకా మెరుగ్గా ముందే చెప్పాయని కూడా ఆ పరిశోధనే చెప్పింది. విషయాన్ని బట్టి అధికారి అన్న పాత సూత్రానికి అంకెల్లో దొరికిన సాక్ష్యం అది. జీఆర్‌ఈ మార్కు ఒక్కదాన్నే కటాఫ్‌గా పెట్టుకోవద్దని విశ్వవిద్యాలయాలకు ఈటీఎస్ కూడా చెబుతూ వచ్చింది. ఇక భర్తృహరిని అడ్డుపెట్టేవారు ఉంటారు. మాట తోడు లేని జ్ఞానం లోకంలో లేదని వాక్యపదీయం అంటుంది కనుక భాషను కొలిస్తే ఆలోచనను కొలిచినట్టే అని వాళ్ల వాదం. తెలుగులో చిక్కని ఆర్థిక వ్యాసం చదివి అందులోని తర్కదోషం పట్టుకోగల డిగ్రీ విద్యార్థికి భర్తృహరి చెప్పిన శక్తి నిండుగా ఉన్నట్టే. ఇంగ్లిష్ పాసేజి దగ్గర అతను తడబడితే, లోపం ఆలోచనలో ఉందో భాషలో ఉందో ఆ మార్కు చెప్పలేదు. ఐసెట్‌లో విశ్లేషణ, గణితం ప్రశ్నలను తెలుగులోనూ ఇస్తున్నారంటే ఈ సంగతి నిర్వాహకులు గుర్తించినట్టే. ఆ వివేకం మూడో విభాగమైన కమ్యూనికేషన్ ఎబిలిటీ దగ్గర ఆగిపోయింది.

అందరికీ ఒకే పరీక్ష లేకపోతే సిఫార్సులు రాజ్యమేలుతాయని, పలుకుబడి లేని ఇంటి పిల్లలకు నిలబడే చోటే ఉండదని కొందరు భయపడతారు. ఆ భయం నాకూ ఉంది, అందుకే పరీక్ష వద్దని అనడం లేదు. విశ్లేషణ, గణితం మార్కులతో ర్యాంకు ఇవ్వాలి. ఇంగ్లిష్‌ను విడిగా పాస్ అయితే చాలనే విభాగం చేసి, అందులో పఠనానికే పెద్దపీట వేయాలి. అందులో తప్పినవాళ్లకు సీటు కాదనకుండా తొలి సెమిస్టర్‌లోనే భాష నేర్పే బాధ్యత కళాశాలలు తీసుకోవాలి. తెలంగాణ ఉన్నత విద్యామండలికి నా విజ్ఞప్తి ఒక్కటే. ఐసెట్ మార్కులనూ విశ్వవిద్యాలయాల ఎంబీఏ, ఎంసీఏ ఫలితాలనూ పక్కపక్కన పెట్టి, ఈ 50 మార్కులు దేన్ని ముందుగా చెబుతున్నాయో లెక్క తీసి ప్రజల ముందు పెట్టండి. అది తేలేదాకా వాటిని ర్యాంకులో కలపకండి.