అప్పన్న చందనం, నా బీరువా

మా గాజువాక నుంచి సింహాచలం దూరమేమీ కాదు. ఎన్‌ఏడీ, గోపాలపట్నం దాటితే తొలిపావంచా. చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. అయినా ఆ స్వామి నుంచి నేర్చుకోవాల్సింది ఒకటి పోయినేడాది అక్షయ తృతీయ దాకా నా బుర్రకెక్కలేదు.

ఆ తెల్లవారుజామున చందనోత్సవానికి బయల్దేరాలి. బీరువా తలుపు తీస్తే మూడు కుర్తాలు జారి కాళ్ల మీద పడ్డాయి. అయినా నా నోటి వెంట వచ్చిన మాట, "వేసుకోడానికి ఒక్కటీ లేదమ్మా!" అమ్మ వంగి ఒకటి తీసింది. దానికి ధర చీటీ ఇంకా వేలాడుతోంది. "ఇదెప్పుడు కొన్నావురా?" అంది. "పాతదేనమ్మా" అన్నాను.

అబద్ధం. "ఇప్పుడు కొను, తర్వాత కట్టు" అనే యాప్‌లో కొన్నది. వాయిదాలు ఇంకా రెండున్నాయి. పార్శిల్ ఇంటికొస్తే నాన్నకు తెలిసిపోతుందని డెలివరీ అబ్బాయిని జంక్షన్ దగ్గరే ఆపి తీసుకున్నాను. దేవుడి దగ్గరకెళ్తూ, దేవుడి కోసం వేసుకునే బట్ట గురించే అబద్ధం ఆడాను చూడండి. అసలు బాధ కుర్తాది కాదు, అది.

క్యూలో గంటలు గడుస్తుంటే అదే ఆలోచన. అక్షయ తృతీయ అంటే ఊళ్లో బంగారం కొట్లు కిటకిటలాడతాయి. అందరూ ఒంటి మీదికి ఏదో ఒకటి కలుపుకునే రోజు. అదే రోజు కొండ మీద అప్పన్న ఒంటి మీద ఉన్నది వలిపించుకుని నిజరూపంతో కనిపిస్తాడు. ఏడాదిలో ఆ ఒక్కరోజే. మిగతా రోజులన్నీ చందనమే. "మళ్లీ అదే చందనమా స్వామీ?" అని ఏ భక్తుడైనా అడిగాడా?

స్థలపురాణంలో ఇంకో చక్కటి మాట ఉంది. పుట్టమన్నులో ఉన్న స్వామిని పురూరవ చక్రవర్తి వెలికి తీసినప్పుడు, తీసిన మన్ను ఎంతో అంత చందనం పూయమని ఆకాశవాణి చెప్పిందట. అంటే ఆ అలంకారానికి ఒక కొలత ఉంది. ఇప్పటికీ మూడు మణుగుల చొప్పున నాలుగు విడతల్లో సమర్పిస్తారు, చివరిది ఆషాఢ పౌర్ణమికి. (స్వామికి చందనం విడతలు, నాకు యాప్ వాయిదాలు!)

"మరి విష్ణువు అలంకార ప్రియుడు కదా?" అంటారు. నిజమే, బాగా తయారవడం తప్పని ఎవరూ అనలేదు. పతంజలి నియమాలు చూడండి: మొదటిది శౌచం, ఆ వెంటనే సంతోషం. తెలుగులో సంతోషం అంటే ఆనందం అనుకుంటాం. అక్కడ దాని అర్థం తృప్తి, ఉన్నదాంతో నిండుగా ఉండటం. ముందు శుభ్రత, తర్వాత తృప్తి. ఉతికి ఇస్త్రీ చేసిన పాత చొక్కాలో రెండూ ఉన్నాయి.

గీత రెండో అధ్యాయం 22వ శ్లోకం చాలామందికి వచ్చు. మనిషి పాత బట్టలు వదిలినట్టు ఆత్మ శరీరాన్ని వదులుతుందని. అది ఆత్మ గురించి చెప్పింది, షాపింగ్ గురించి కాదు, తెలుసు. కానీ ఆ ఉపమానంలో బట్టలకు వాడిన మాట "జీర్ణాని". అంటే చివికిపోయినవి. బోరు కొట్టినవి కాదు, ఒకసారి ఫొటోలో పడిపోయినవి కాదు. నా బీరువాలో జీర్ణమైంది ఒక్కటీ లేదు.

ఇంటికొచ్చాక అన్నీ మంచం మీద పరిచాను. నిజంగా నేను వేసుకునేవి నాలుగే: లేత రంగు, కాటన్, పొట్టి చేతులు. మన విశాఖ ఉక్కపోతలో ఒంటికి హాయిగా ఉండేవి అవే. నా స్టైల్ అదేనని తెలుసుకోడానికి అంత అప్పు చేయాలా? అందులో ఒక నీలం చొక్కాను గుండీ ఊడిందని మూల పడేశాను. ఒక్క గుండీ!

రాత్రి షిఫ్టు నుంచి వచ్చిన నాన్నకు వాయిదాల సంగతి చెప్పేశాను. తిడతారనుకున్నా. "ముందు అది కట్టేయ్" అని భోజనానికి కూర్చున్నారు. ఆ మౌనం తిట్టుకంటే బరువుగా ఉంది. రెండు నెలల్లో కట్టేశాను, యాప్ తీసేశాను.

ఆషాఢ పౌర్ణమికి గిరి ప్రదక్షిణ. 32 కిలోమీటర్లు ఆ నీలం చొక్కాతోనే నడిచాను. నీలం దారం లేక అమ్మ నల్ల దారంతో గుండీ కుట్టింది. అన్ని లక్షల మందిలో అది ఎవరికి కనపడుతుంది? మాధవధార దగ్గర మజ్జిగ పోస్తున్న ఒక పెద్దాయన మాత్రం చూసి, "బాబూ, గుండీ వదులైంది, చూసుకో" అన్నాడు. ఇంటికొచ్చాక సూది నేనే పట్టుకున్నాను.