దేవుడికి భావం చాలు, మరి బాపుకు?

ఈ వారం వీడియోలో దేవ, పితృ, ఋషి రుణాల గురించి చెప్పుకున్నాం కదా. ఋషి రుణం చదువుతో తీరుతుందంటారు. మరి ఆ చదువు ఏ లిపిలో ఉన్నా ఒకటేనా?

మా అక్క వాళ్లు డల్లాస్‌లో ఉంటారు. అక్క బిడ్డకు పదేళ్లు. తెలుగు చక్కగా మాట్లాడుతుంది, చదవడం రాదు. ఆంజనేయ దండకం ఇంగ్లీష్ అక్షరాల్లో చూసి చదువుతుంది. అందులో ల, ళ ఒకటే. న, ణ ఒకటే. ఓసారి వీడియో కాల్‌లో "తెలుగు పిల్లవై ఉండి ఇదేం చదువు?" అని నవ్వాను. ఆ తర్వాత నా ముందు చదవడమే మానేసింది.

పోయిన దసరాకు గోదావరిఖని వెళ్లాను. బాపు సింగరేణిలో బాయి పని చేసి రిటైరైండు. ఏడో తరగతి దాకా తెలుగు మీడియం. ఫోన్ నా ముందు పెట్టి అడిగిండు: "గివేం అక్షరాలు కొడుకా? పక్కింటి పిలగానితోని చదివించుకుంటున్న."

అవన్నీ నేను ఇంగ్లీష్ అక్షరాల్లో పంపిన మెసేజ్‌లే.

అప్పుడు తెలిసింది. పాపకు ఎవరూ నేర్పలేదు. నాకు నేర్పినా, బద్ధకంతో వదిలేశాను. రుణం తీసుకున్నవాడిదే కదా బాకీ!

రెండు భాషలు పిల్లలకు బరువు అంటారు కొందరు. మా ఖనిలో ఉత్తరాది నుంచి పనికి వచ్చిన వాళ్ల పిల్లలు ఇంట్లో హిందీ, బడిలో తెలుగు చదువుతూ పెరిగారు. 2018 చట్టంతో తెలంగాణ బడుల్లో ఒకటి నుంచి పది దాకా తెలుగు తప్పనిసరి అయింది కూడా. తెలుగు నేర్చినంత మాత్రాన వాళ్ల ఇంటి భాష ఎక్కడికీ పోలేదు. అంతెందుకు, పోతనకు సంస్కృతం కూడా వచ్చు కాబట్టే మనకు తెలుగులో భాగవతం దక్కింది.

"దేవుడికి భావం చాలు, లిపి ఎందుకు?" అనొచ్చు. నిజమే, దేవుడికి చాలు. మా బాపుకు మాత్రం అక్షరం కావాలి.

పాపకు సారీ చెప్పాను. అమెరికాలో 2007 నుంచి తెలుగు నేర్పుతున్న సిలికానాంధ్ర మనబడిలో అక్క తనను చేర్పించింది. మొన్న "తాత" అని రాసి పంపింది. నేనూ తెలుగులోనే టైప్ చేస్తున్నా. టైమ్ పడుతోంది, వత్తులు తప్పుతున్నాయి. బాపు మాత్రం ఇప్పుడు పక్కింటికి పోవట్లేదు.