ప్రసూతి వైరాగ్యం

పురాణ వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం, శ్మశాన వైరాగ్యం - ఈ మూడూ ఎక్కువసేపు నిలవవని మనవాళ్లు నవ్వుతూ చెప్తుంటారు. నొప్పులు పడుతూ 'ఇక జన్మలో వద్దు' అన్న ఆడది బిడ్డ మొహం చూడగానే అన్నీ మర్చిపోతుందట. మర్చిపోయిందని ఎవరు చెప్పారు? ఆమెనెవరైనా అడిగారా?

ఇస్నాపూర్‌లో మా పక్క గదిలో అద్దెకుండే అమ్మాయి ప్లాస్టిక్ సీసాల కంపెనీలో కాంట్రాక్టు పనికి వెళ్తుంది. ఏడాదిన్నర పాప. టీకా రోజు వస్తే ఏదో ఒక వంక చెప్తుంది. ఒకసారి నేను తోడు వెళ్లాను. కాన్పయిన ఆసుపత్రి మలుపు రాగానే ఆటో ఆపించి దిగిపోయింది. ఒళ్లంతా చెమటలు. "ఆ ఫినాయిల్ వాసనొస్తే మళ్ల ఆ బల్ల మీదనే ఉన్నట్టుంటదక్కా" అంది. ఆ రాత్రి రక్తం పోతుంటే ఏం జరుగుతోందో ఎవరూ చెప్పలేదట. అరిస్తే తొడ మీద చరిచి, "మొగునితోని ఉన్నప్పుడు తెల్వలేదా" అన్నారట. కాగితం మీద మాత్రం 'నార్మల్ డెలివరీ'. అంతా విని నేనన్న మాట: "పోనీలే, పాప బాగుంది కదా." ఆమె ఇక మాట్లాడలేదు.

ఆ చెమటలకు వైద్యంలో పేరుంది - పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల పోరాటం వల్ల 1980లో అమెరికన్ మానసిక వైద్యులు దాన్ని తమ గ్రంథంలో చేర్చారు. అయితే దానికి కారణమైన సంఘటన మనుషుల సాధారణ అనుభవానికి వెలుపలిదై ఉండాలన్నారు. కాన్పు సాధారణమేగా! ఆ షరతు 1994లో పోయింది. ప్రసవం తర్వాత నూటికి దాదాపు నలుగురు తల్లులు దీనికి లోనవుతారని, ప్రాణాపాయం దాకా వెళ్లొచ్చిన వాళ్లలో ఇంకా ఎక్కువని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. ఇది కాన్పు తర్వాత వచ్చే దిగులు ఒక్కటే కాదు. జరిగిపోయినది మళ్లీ మళ్లీ జరుగుతూ ఉండటం.

2025 జూన్ 30న పాశమైలారం ఫార్మా కంపెనీలో పేలుడు జరిగి యాభైమందికి పైగా చనిపోయారు. అందులోంచి బతికి బయటపడ్డ మనిషి నిద్రలో ఉలిక్కిపడితే 'అతి చేస్తున్నాడ'ని అనం. అందరికీ జరిగేదైనంత మాత్రాన గాయం గాయం కాకుండా పోతుందా?

ఆసుపత్రి ఆమె ప్రాణం కాపాడింది కదా అనొచ్చు. నిజమే. తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే అవుతున్నాయని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. దానివల్ల ఎందరో తల్లులు బతికారు. ఒక్క నర్సు నాలుగు బల్లల మధ్య పరుగెత్తాల్సి రావడం కూడా నిజమే. కానీ కాపాడిన చేతులే అవమానించవచ్చు. మొదటిదానికి కృతజ్ఞత చెప్పినంత మాత్రాన రెండోదాని గురించి నోరు మూసుకోవాలా? కాన్పు గదిలో గౌరవం పొందడం ప్రతి స్త్రీ హక్కని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో ప్రకటించింది. ఆ ప్రకటన ఆ బల్లదాకా రాలేదు.

ఇప్పుడు ఇంట్లో రెండో బిడ్డ కోసం ఒత్తిడి. ఆమె వద్దంటోంది. "గట్లనే అంటరు, మేమందరం కనలేదా" అని అత్తగారు నవ్వుతుంది. మగవాడు లోకాన్ని చూసి 'ఇక చాల'ంటే జ్ఞానమంటాం. ఈమె తన శరీరంతో తెలుసుకుని చెప్తున్న 'వద్దు' మాత్రం సామెతై, నవ్వులాటై పోయింది.

మొన్న మళ్లీ వాళ్ల గదికి వెళ్లాను. పాప సంగతి ఎత్తలేదు. "ఆ రాత్రి ఏం జరిగిందో చెప్తావా?" అనడిగాను. చాలాసేపు చెప్పింది.