పియానో, బాయిలర్, లిజీ

లారీ లీ 'సైడర్ విత్ రోజీ' తొలి ముద్రణలో ఒక పియానో ఫ్యాక్టరీ తగలబడటం గురించి కొంటెగా ఒక మాట ఉండేది. లెక్కలు సరిపెట్టుకోడానికి వాళ్లే అంటించుకుంటారేమో అన్న ధ్వనితో. ఆ ఫ్యాక్టరీ వాళ్లు పరువునష్టం దావా వేశారు. తర్వాతి ముద్రణల్లో పియానో కాస్తా బాయిలర్ అయిపోయింది.

పుస్తకం మొదట్లోనే ఆయన ఒక జాగ్రత్త తీసుకున్నాడు. ఇవి చిన్ననాటి జ్ఞాపకాలు, కాలం కొన్ని వాస్తవాల్ని వంకర చేసి ఉండొచ్చు అని ముందే చెప్పుకున్నాడు. 'నాకలా గుర్తుంది' అన్న ఆ సంజాయిషీ కోర్టు దగ్గర నిలబడలేదు. మరి మన దగ్గర, అంటే చదివేవాళ్ల దగ్గర, ఎంతవరకు నిలబడాలి?

1959లో వచ్చిన పుస్తకం ఇది. గ్లాస్టర్‌షైర్‌లో స్ట్రౌడ్ పక్కనున్న స్లాడ్ అనే ఊరు, 1914లో పుట్టిన రచయిత మూడేళ్లప్పుడు ఆ ఊరొచ్చి, అక్కడే పెరిగిన కథ. ఇంగ్లండ్ బళ్లలో చాలా ఏళ్లు పాఠంగా కూడా చదివించారు. గడ్డి వాసన, మంచు, పై వాటాలో ఒకావిడ, కింది వాటాలో ఒకావిడ, ఇద్దరికీ పడక చచ్చేదాకా సాగిన పంతం. వచనం ఎంత బాగుంటుందంటే, చాలామందికి పుస్తకం మూసేశాక ఇవే మిగులుతాయి.

కానీ అందులో ఒక హత్య ఉంది. చిన్నప్పుడే న్యూజిలాండ్ వెళ్లి డబ్బు సంపాదించుకొచ్చిన ఒకడు, మంచు కురిసే రాత్రి పబ్‌లో కూచుని, ఊళ్లో ఉండిపోయిన వాళ్లని వెక్కిరిస్తాడు. దార్లో కాపుకాసిన కుర్రాళ్లు అతన్ని కొట్టి మంచులో వదిలేస్తారు. తెల్లారేసరికి చచ్చిపోయి ఉంటాడు. పోలీసులొచ్చి అడిగితే ఊరు నోరు విప్పదు. ఊరు తన వాళ్లని తను కాపాడుకుంది అన్న స్వరంలోనే లీ ఇది చెప్తాడు.

ఇంకో చోట, ఐదారుగురు కుర్రాళ్లు లిజీ అనే పదహారేళ్ల పిల్లని అడవిలో చెరచాలని పథకం వేస్తారు. ఆ కుర్రాళ్లలో ఇతనూ ఉన్నాడు. ఆ పిల్ల కాస్త అమాయకురాలు, క్రేయాన్లతో చెట్ల మీద దేవుడి మాటలు రాస్తూ తిరిగేది. తీరా ఎదురుపడితే వీళ్లకి ఏం చెయ్యాలో తోచదు. ఆమె క్రేయాన్ల సంచీతో ఒకణ్ణి రెండు బాది వెళ్లిపోతుంది. లీ దీన్ని కొంచెం నవ్వుతూ, కొంచెం సిగ్గుపడుతూ దాటేస్తాడు. ఇలాంటివి బయటికి పొక్కనివ్వకుండా ఊరు తనలోనే కలుపుకునేదని, అది ఆ పాతకాలపు మంచితనమన్నట్టు రాస్తాడు. ఆ పేజీలన్నీ కుర్రాళ్ల వైపు నుంచే నడుస్తాయి.

ఆ పేజీలు తీసెయ్యాల్సిందని నేననను. రాయకపోతే మిగిలేది ఉత్త తేనె. మన ఊరి జ్ఞాపకాల పుస్తకాల్లో అలాంటి తేనె బోలెడుంది. తాటిముంజెలుంటాయి, చెట్టెక్కి గెల కోసిన మనిషికి పేరుండదు. లీ కనీసం రాశాడు. అతన్ని నిలదీయడానికి మనకున్న సాక్ష్యం కూడా అతనిచ్చిందే. నా పేచీ ఆ తీపి దగ్గర. చెట్లనీ వెన్నెలనీ వర్ణించిన గొంతే లిజీ దగ్గరా మారకుండా నడిస్తే, చదివేవాడు తెలీకుండానే కుర్రాళ్లని వదిలేస్తాడు. నేను మొదటిసారి చదివినప్పుడు నవ్వుకున్నాను కూడా. పియానో ఫ్యాక్టరీకి లాయరున్నాడు, ఒక మాట మారింది. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే, టికెట్ రెయిజ్ చెయ్యగలిగినవాడికే బగ్ ఫిక్స్ అయింది.

ఆ గొంతుకి కోపం చేతకాదనుకుందామా అంటే, అదీ కాదు. యాభయ్యేళ్లు కలిసి బతికిన జోసెఫ్, హానా అనే ముసలి దంపతుల్ని అధికారులు అనాథాశ్రమానికి తీసుకెళ్లి, మగవాళ్ల వైపు ఒకర్ని, ఆడవాళ్ల వైపు ఒకర్ని పెడితే వారంలోపే ఇద్దరూ పోతారు. ఆ రెండు పేజీల్లో లీ దయ పేరుతో జరిగిన క్రూరత్వాన్ని కడిగేస్తాడు. బయటి నుంచి వచ్చి చేసిన అన్యాయం కాబట్టి కళ్లకి స్పష్టంగా కనపడింది. లోపలి వాళ్లు, తన ఈడు వాళ్లు చేసింది కనపడటం కష్టం.

అమ్మ గురించి రాసిన అధ్యాయం మాత్రం వేరే. భర్త మొదటి పెళ్లి పిల్లల్నీ తన పిల్లల్నీ ఆవిడ ఒక్కతే పెంచింది. లండన్ వెళ్లిన ఆయన తిరిగి రాలేదు. ఆయన పోయాడని కబురొచ్చేదాకా ఆవిడ ఎదురుచూస్తూనే ఉంది. పుస్తకం వచ్చేసరికి ఆవిడా లేదు. ఆ ఎదురుచూపు నలుగురికీ తెలియడం ఆవిడకి ఇష్టమేనా అని అడిగేవాళ్లు లేరు. అయినా ఇక్కడ నాకు అభ్యంతరం పుట్టదు. ఎందుకో చాలా రోజులు తేల్చుకోలేకపోయాను. లీ ఆవిణ్ణి దేవతని చెయ్యడు. బస్సు వచ్చి ఆగి ఉంటే ఇంట్లో ఇంకా ఏదో వెతుక్కుంటూ, ఆగండాగండి అని కేకలేస్తుంటుంది. అప్పులున్నా పాత పింగాణీ సామాన్లు కొనుక్కొస్తుంది. కొడుక్కి విసుగొస్తుంది, ఆ విసుగు దాచుకోడు. ఆవిడ మాటలు, పాటలు, పిచ్చి కోపాలు కొడుకు వాక్యాల్లోంచి తోసుకుని బయటికొస్తాయి. ఆ ఇంట్లో ఆవిడకి కూడా ఒక వైపుంది.

లిజీకి దక్కింది ఆ రెండు దెబ్బలే. ఈ మధ్య మళ్లీ చదివినప్పుడు నేను ఆగిపోయింది అక్కడే. ఆ పేజీలో ఎవరి వైపున్నామో ఆ సంచీకి మాత్రం తెలుసనిపించింది.