అసలు, నకిలీ, శ్రమ

ఒక వస్తువు అసలైనదా, నకిలీదా అన్న ప్రశ్న వర్తకులకు సంబంధించినదనీ, నీతిశాస్త్రానికి దానితో పని లేదనీ చాలామంది అనుకొంటారు. మొన్నమొన్నటి దాకా నేనూ అలాగే అనుకొన్నాను. ఆదివారాల్లో ఆబిడ్స్ దుకాణాలు మూసివున్నప్పుడు కాలిబాటల మీద పరిచే పాతపుస్తకాల్లో మొదటి ముద్రణల కోసం వెదకడం నాకు అలవాటు. ఒకసారి అలా ఎక్కువ ధర పెట్టి కొన్న పుస్తకానికి ముఖపత్రం మరొక ప్రతి నుంచి తెచ్చి అతికించారని యింటికి వెళ్ళాక గాని తెలియలేదు. ఆనాడు కలిగిన బాధ డబ్బు పోయినందుకేననుకొన్నాను. అది అంతమాత్రమే కాదని తెలియడానికి ఒక సైకిలు ఫ్రేము కావలసి వచ్చింది.

నా విద్యార్థి ఒకడు, మంచి చదువరి, అభ్యుదయ భావాలున్నవాడు, పాత ఇనుము అమ్మే ఒకని వద్ద పందెపు సైకిలు ఫ్రేము కొన్నాడు. దాని మీద ఇటలీలోని ఒక ప్రఖ్యాత కార్ఖానా పేరు అంటించివుంది. అటువంటి పాత ఫ్రేములను వేలు పోసి కొని, గోడకు తగిలించుకొనే సంపన్నులు నగరంలో యిప్పుడు వున్నారు. అది అసలైనదైతే తన హాస్టలు బాకీ తీరిపోతుందని అతని ఆశ. నాంపల్లి స్టేషను దగ్గరి సందులో ఏళ్ళ తరబడి సైకిళ్ళు బాగుచేస్తున్న ఒక వృద్ధుని వద్దకు యిద్దరమూ వెళ్ళాము.

ఆయన ఆ పేరు వంక చూడనైనా లేదు. ఫ్రేమును తలకిందులు చేసి, పెడళ్ళ ఇరుసు తిరిగే అడ్డగొట్టంలోని కప్పుకు పానా పట్టించి తిప్పాడు. "బేటా, గిది మన సైకిల్ లెక్కనే ఉల్టా తిరుగుతున్నది" అన్నాడు. దీని అర్థం నాకు తరువాత చదివితే తెలిసింది. ఇటలీ పద్ధతిలో ఆ అడ్డగొట్టం వెడల్పు 70 మిల్లీమీటర్లు, రెండు వైపుల కప్పులకూ కుడి మరే. ఇంగ్లీషు పద్ధతిలో వెడల్పు 68 మిల్లీమీటర్లు, గొలుసు వైపు కప్పుకు ఎడమ మర. ఐతే యీ ఒక్క సాక్ష్యంతో తీర్పు చెప్పరాదు. ఎగుమతి కోసం ఇంగ్లీషు మర కోసిన ఇటలీ ఫ్రేములూ వున్నాయి. కనుక మిగిలిన సాక్ష్యాలు చూడాలి. మిలాను నగరంలో 1919లో ఆరంభమైన కొలంబస్ సంస్థ గొట్టాలు చివరల మందంగానూ, నడుమ పలుచగానూ వుంటాయి. పందెపు సైకిళ్ళకు ఎక్కువగా వాడిన మేలురకంలో ముందు ఫోర్కు కాడ లోపల, అడుగు భాగాన, ఐదు మెలిక గీట్లు వుంటాయి. సీటు గొట్టంలో 27.2 మిల్లీమీటర్ల కడ్డీ దిగుతుంది. మా ఫ్రేములో గీట్లు లేవు, ఆ కడ్డీ దిగలేదు. గొట్టం మీద కొట్టిన సంఖ్యనైనా నమ్ముదామంటే, కొన్ని ప్రసిద్ధ ఫ్రేముల మీద ఆ సంఖ్య ఫ్రేము కొలతనే గాని క్రమసంఖ్యను తెలుపదు. తాళపత్ర ప్రతులను పోల్చి పాఠనిర్ణయం చేసేవారికి యీ పద్ధతి కొత్త కాదు. ఏ ఒక్క ప్రతీ ప్రమాణం కాదు, అనేక ప్రతులు ఒకే మాట చెప్పాలి.

యిక్కడ అన్నీ ఒకే మాట చెప్పాయి. ఫ్రేము ఇటలీది కాదు. ఐతే వృద్ధుడు దానిని అవతల పారేయలేదు. గొట్టాల అతుకుల వద్ద ఇత్తడి ఎంత సమంగా పారిందో వేలితో తడిమి, "చేసినోని చెయ్యి మంచిగున్నది" అన్నాడు. యీ మాట పాఠకులు గుర్తుంచుకోవాలి.

తిరిగి వస్తుంటే విద్యార్థి ఒక వాదం లేవదీశాడు. "సార్, ఆ పేరు యజమానిది. ఇనుము అతికిన కార్మికుని పేరు ఏ ఫ్రేము మీదా లేదు. కొనేవాడు పేరును కొంటున్నాడు, అతనికి పేరును అమ్ముతాను. ఉన్నవాడి భ్రమకు ధర కడితే తప్పేమిటి?"

యీ వాదాన్ని తేలికగా తోసిపుచ్చలేము. అందులో నిజముంది. 1972 అక్టోబరు 25న మెక్సికో నగరంలో బెల్జియం వీరుడు ఎడీ మెర్క్స్ ఒక్క గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. ఆ సైకిలు ఇటలీలో ఎర్నెస్టో కొల్నాగో కార్ఖానాలో తయారైంది. దాని గొట్టం మీద వున్న పేరు మాత్రం విండ్సర్ అనే మెక్సికో సంస్థది. పేరు ఒకరిది, పని మరొకరిది కావడం వర్తకలోకంలో రోజూ జరిగేదే. పేరు శ్రమను కప్పివేస్తుందని మనం చెబుతూనే వున్నాము.

ఐతే యిందులో నుంచి విద్యార్థి తీసిన సిద్ధాంతం మాత్రం తలకిందులుగా వుంది. దొంగపేరు అంటించినవాడు పేరు మీది భ్రమను పోగొట్టడం లేదు, దానికి మరొక కొబ్బరికాయ కొడుతున్నాడు. ఆ పేరుకు మహిమ వున్నంత కాలమే అతని వ్యాపారం సాగుతుంది. అంతకంటె ముఖ్యమైనది మరొకటి వుంది. యీ ఫ్రేమును ఎవరో చేశారు. ఏ లుధియానా కార్మికుడో, ఏ హైదరాబాదు పనివాడో, అతని పేరు మనకు తెలియదు. యజమాని అతని పేరు వ్రాయక ఒకసారి చెరిపాడు. యిప్పుడు మనం ఆ పని అసలు అతనిది కాదనీ, మిలాను వారిదనీ చెప్పి రెండవసారి చెరుపుతున్నాము. మన పనివాని చేతిలో నేర్పు వుండడానికి వీలులేదని ఒప్పుకొంటేనే యీ అబద్ధం చెల్లుతుంది. వేమన మకుటం తగిలించి పద్యాలు చెప్పిన అనామక కవులున్నారు గదా అంటారేమో. వారు తమ సొంత పద్యం మీద తమ పేరును తామే వదులుకొన్నారు. స్టిక్కరు అంటించినవాడు తనది కాని పనిమీద మరొకని పేరును మింగాడు.

నష్టపోయేది ఉన్నవాడే అన్న మాట కూడా పరీక్షకు నిలవదు. యీ స్టిక్కరు మొట్టమొదట ఎవరిని మోసగించింది? హాస్టలు బాకీ వున్న విద్యార్థిని. 1948లో డిసికా తీసిన బైసికిల్ థీవ్స్ చిత్రం 1952లో మన దేశంలో జరిగిన తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ప్రదర్శితమైంది. అందులో గోడపత్రాలు అంటించే ఆంటోనియో సైకిలు పోతుంది. రోము నగరపు పాతసరుకుల సంతలో ఒకడు ఫ్రేముకు రంగు వేస్తుంటే అతనికి అనుమానం కలుగుతుంది. సంఖ్య చూపమంటాడు, పోలీసును పిలుస్తాడు. సంఖ్య కలవదు. ఆ నిరుపేదకు తన సొత్తు తనదని నిరూపించుకోవడానికి వున్న ఆధారం ఆ అంకెలే. అనుమానితుడు నిర్దోషిగా బయటపడడానికి ఆధారమూ ఆ అంకెలే. ఉన్నవానికి రశీదులుంటాయి, వకీళ్ళుంటారు. లేనివానికి వస్తువు మీది గుర్తు నిజమై వుండడమే రక్ష.

అలాగని అబద్ధం ఎక్కడైనా అబద్ధమేనని మనం మడి కట్టుకొని కూర్చోనక్కరలేదు. ఇటలీకే చెందిన సైకిలు వీరుడు జినో బర్తాలి 1943, 1944 సంవత్సరాల్లో జర్మను ఆక్రమణ కాలాన, యూదులను కాపాడడానికి తయారుచేసిన దొంగ గుర్తింపు పత్రాలను తన సైకిలు గొట్టాల్లో దాచి చేరవేశాడు. యూదుల ప్రాణాలు కాపాడినవారికి యిచ్చే గౌరవాన్ని 2013లో యాద్ వాషెం సంస్థ అతనికి ప్రకటించింది. ఆ పత్రాలు నకిలీవే. ఐతే అవి మనుషులను చంపడానికి వచ్చినవారిని మోసగించాయి, ఏ శ్రామికుని పనినీ దొంగిలించలేదు, వాటికి అతడు ధర కట్టలేదు. బతికినన్నాళ్ళూ దానిని గొప్పగా చెప్పుకోలేదు కూడా. ఒక అబద్ధం ఎవరిని కాపాడుతున్నది, ఎవరిని చెరుపుతున్నది అన్నదే మనం అడగవలసిన ప్రశ్న. నా విద్యార్థి అబద్ధం ఎవరినీ కాపాడదు.

నా పుస్తకం సంగతి నాకు యిప్పుడు అర్థమైంది. అతికించిన పత్రం ఒక ప్రతి చరిత్రను తీసివేసి మరొకదానికి తొడిగింది. ఆ పుస్తకాన్ని ఎవరు అచ్చువేశారో, ఎవరు కుట్టారో, ఎవరు చదివారో యిక ఎవరూ చెప్పలేరు.

విద్యార్థి రెండు వారాలు ఆలోచించి, స్టిక్కరును తానే ఊడదీశాడు. నాంపల్లి వృద్ధుడు ఆ ఫ్రేమును మామూలు సైకిలుగా బిగించి యిచ్చాడు. అతడు దాని మీదనే కాలేజీకి వస్తున్నాడు. హాస్టలు బాకీ మాత్రం తీరలేదు. యీ సంగతి దాచి నీతి చెప్పడం మనకు తగదు. నిజం చెప్పిన పేదవాడు దానికి మూల్యం చెల్లించవలసి వస్తున్నది. ఆ తప్పు నిజానిది కాదు. గోడకు వేలాడే పేరుకు వేలు, చదువుకొనే కుర్రవానికి బాకీ నిర్ణయించిన వ్యవస్థది. దానితో పోరాడవలసింది దాని అబద్ధాలను అరువు తెచ్చుకొని కాదు.