నోటికొచ్చిన ప్రార్థన

మా సంఘంలో కంఠతా వచ్చిన ప్రార్థనలంటే చిన్నచూపు. గుండెలోంచి పుట్టని మాట దేవుడికి చేరదంటారు. టెర్రీ వెయిట్ సంగతి తెలిశాక నేనది ఒప్పుకోలేకపోతున్నాను.

బందీలను విడిపించాలని కాంటర్‌బరీ ఆర్చిబిషప్ దూతగా బీరూట్ వెళ్లి, 1987 జనవరి 20న ఆయన తానే బందీ అయ్యాడు. 1,763 రోజుల చెర. అందులో దాదాపు నాలుగేళ్లు ఒంటరిగా, గొలుసులతో. కాగితం, కలం లేక తన పుస్తకాన్ని మనసులోనే రాసుకున్నాడు. సొంత మాటలతో ప్రార్థించడం మాత్రం వద్దనుకున్నాడు. మొదలుపెడితే ‘నన్ను బయటపడెయ్యి’ అనే మొరే మిగులుతుందని ఆయన భయం. చిన్ననాడు నోటికొచ్చిన ఆంగ్లికన్ ప్రార్థనలనే వల్లించుకున్నాడు.

నాన్న పక్షవాతంతో మంచాన పడ్డప్పుడు నాకూ సొంత మాట ఒక్కటీ పెగల్లేదు. ఆయన పక్క బట్టలు మారుస్తూ పరలోక ప్రార్థనే చెప్పుకునేదాన్ని. నాలో విశ్వాసం అడుగంటిన రాత్రుల్లో కూడా ఆ మాటలు ఆగలేదు. నాకంటే ముందు ఎందరో కన్నీళ్లతో పలికిన మాటలవి. నా ఒక్కదాని బలం మీద నిలబడ్డవి కావు. ఆశ కూడా అంతేనని నా నమ్మకం.

సండేస్కూలు టీచర్లకు నా మనవి: పిల్లల చేత కీర్తనలు కంఠతా పట్టించడం మానకండి.