నాన్న ధైర్యానికి మార్కులెన్ని?

టొరంటోలో ఉన్న మా అక్కకూతురు ప్రసవించి పదిహేను రోజులైంది. మొన్న ఫోనులో బిడ్డను చూపించాక, "పిన్నీ, ఇంకో తమాషా చూడు" అంటూ ఒక కాగితం చూపించింది. ఏదో పరిశోధన కోసం మా అల్లుడి చేత నింపించారట. పద్నాలుగు ప్రశ్నలు. బిడ్డకు పాలు చాలుతున్నాయో లేదో తెలుసుకోవడంలో తల్లికి సాయపడగలనన్న నమ్మకం నీకెంత? అన్నీ ఈ ధోరణిలోనే. ఒక్కోదానికి ఒకటి నుంచి అయిదు దాకా మార్కులు.

పక్కన బియ్యం ఏరుతున్న మా అమ్మ చేట కింద పెట్టి, "పాలిచ్చేది అదీ, పరీక్ష వాడికీనా?" అంది. అందరం నవ్వాం.

నవ్వడమైతే నవ్వానుగాని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ కాగితం వెనక కొంత కథ ఉంది. పని చేతనవడం వేరు, చేయగలనన్న నమ్మకం వేరు అని 1977లో ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పాడు. ఆ నమ్మకం లేనివాళ్లు కష్టం ఎదురవగానే పనిని సగంలో వదిలేస్తారట. ఆ మాట పట్టుకునే కెనడాలో సిండీ-లీ డెన్నిస్ అనే నర్సింగ్ ఆచార్యురాలు పాలిచ్చే తల్లుల ధైర్యం కొలవడానికి ప్రశ్నలు తయారుచేసింది. 2003లో వాటిని పద్నాలుగుకి కుదించింది. అన్నిటికీ కలిపి 70 మార్కులు. 2018లో ఆమే, మరికొందరితో కలిసి, ఆ ప్రశ్నలను తండ్రుల దగ్గర కూడా పరీక్షించింది.

బాగానే ఉంది. కాని మనిషి ధైర్యం అంకెల్లోకి వస్తుందా? వస్తే మాత్రం, ఆమె పాలకు ఆయన ధైర్యం ఏపాటి ఆసరా?

నా సంగతి చెబుతాను. మా అబ్బాయి పుట్టినప్పుడు నేను తెనాలిలో మా పుట్టింట్లో ఉన్నాను. మన ఆచారం మీకు తెలియంది కాదు. పురిటి గదిలో ఆడవాళ్లు, గుమ్మం అవతల మగవాళ్లు. మా వారు హైదరాబాదు నుంచి బారసాలకు వచ్చారు. ఆ రాత్రి పిల్లాడు గుక్కపట్టి ఏడ్చాడు. ఆయన గుమ్మంలో నిలబడి, గాభరాగా, "పాలు చాలడం లేదేమో" అన్నారు.

మూడే మూడు మాటలు. తెల్లారేసరికి తనే వెళ్లి పాలడబ్బా, సీసా కొనుక్కొచ్చారు.

బిడ్డ తాగినకొద్దీ పాలు పడతాయని, సీసా పాలతో కడుపు నిండితే తల్లి దగ్గర తాగడం తగ్గి ఆ పాలూ తగ్గిపోతాయని అప్పుడు మా ఇంట్లో ఎవరికీ తెలీదు. ఏడుపల్లా ఆకలే కానక్కర్లేదని, మొదటి వారం దాటాక రోజుకు ఆరుసార్లయినా పక్క తడుపుతూ, బరువు పెరుగుతున్న బిడ్డకు పాలు చాలుతున్నట్టేనని చెప్పినవాళ్లూ లేరు. నెల తిరక్కుండా నా పాలు ఇంకిపోయాయి. నాకు పాల్లేవు కాబోలని నేనే నమ్మేశాను.

ఇరవై ఏళ్లుగా ఆ మూడు మాటలు మా వారికి గుర్తుచేయలేదు. కోపం లేక కాదు. ఆ కోపం న్యాయమో కాదో తేలక.

ఆయన ప్రేమ లేక అన్న మాట కాదది. భయపడి అన్నది. భయపడడం తప్పెలా అవుతుంది? కాకపోతే, అప్పటికే భయంతో వణుకుతున్న బాలింత ఒళ్లో తన భయాన్ని కూడా పడేశారు. తప్పంటూ ఉంటే అదే. ఇతరుల మాట వల్లా, ఇతరులు చేస్తుండగా చూడడం వల్లా కూడా నమ్మకం కలుగుతుందంటాడు బండూరా. మా మామగారు గుమ్మం దాటి లోపలికి రాగా ఆయన ఎన్నడైనా చూశారా? లేదు. ఆ గుమ్మం దగ్గర మగవాళ్లని ఆపింది ఎవరు? మనమే కదూ!

అలాగని డెబ్బైకి డెబ్బై తెచ్చుకున్నవాడే ఉత్తమ భర్త అని నేననను. మరీ నమ్మకం ఎక్కువైతే సాయం కాస్తా పెత్తనమవుతుంది. ఆర్నెల్ల దాకా తల్లిపాలే పట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, నిజమే. కాని పుళ్లుపడి విలవిల్లాడుతున్న దానికి ఆ మాట అదిలింపుగా చెప్పేవాడి ధైర్యం ఎవరికి కావాలి? అర్ధరాత్రి బిడ్డను భుజాన వేసుకుని, "ఏం ఫరవాలేదు, నేనున్నాను" అని, ఆమె ఇవ్వగలిగినా ఇవ్వలేకపోయినా ఆ మాట మీద నిలబడేవాడి ధైర్యమే ధైర్యం. దానికి మార్కులు వేయాల్సింది అతను కాదు, ఆమె.

నిన్న రాత్రి ఆ ప్రశ్నలు తెలుగులో రాసి మా వారి ముందు పెట్టాను. "ఈ వయసులో నాకు పరీక్షేమిటోయ్" అని నవ్వుతూ కలం తీసుకున్నారు. మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయారు. చాలాసేపటికి, "ఆ రోజు డబ్బా కొనుక్కొచ్చింది నేనే కదూ?" అన్నారు.

నేను మాట్లాడలేదు. ఆయన ఆ ప్రశ్న పక్కన ఒకటి అంకె వేసి కలం మూసేశారు. ఇన్నేళ్లూ తేలని లెక్క ఆ ఒక్క మార్కుతో తేలిపోయింది.

కాగితం మడిచి, పక్క గదిలో చదువుకుంటున్న మా వాడికిచ్చాను.

"నాకెందుకమ్మా ఇది?" అన్నాడు తెల్లబోయి.

"దాచుకో నాయనా. ఎప్పటికైనా పనికొస్తుంది" అన్నాను.